వీణతో బయల్దేరిన ముసాఫిర్ - హజ్రత్ ఇనాయత్ ఖాన్

ఇల్లు విడిచి ఏళ్ల తరబడి పరదేశంలో ఉండబోయే మనిషి ఏం వెంట తీసుకెళ్లాలి, ఏం వదిలి వెళ్లాలి? నెల్లూరు తీరం నుంచి కువైట్‌కో దుబాయ్‌కో మనిషిని పంపిన ప్రతి ఇంట్లోనూ ఈ ప్రశ్న పెట్టె సర్దే రాత్రి తప్పక వస్తుంది. జానమాజ్ పెడతారు, ఆవకాయ సీసా గుడ్డలో చుట్టి పెడతారు, తూకం ఎక్కువైతే ఒక్కొక్కటీ బయటికి తీస్తారు. చివరికి తీసిందేమిటి, ఉంచిందేమిటి అని చూస్తే ఆ మనిషికి ఏది ముఖ్యమో ఇంటిల్లిపాదికీ తెలిసిపోతుంది.

సంగీతమే బతుకైన మనిషికి ఈ చిక్కు మరీ పెద్దది. వాద్యం వెంట ఉండాలి, ఎందుకంటే అదే అన్నం పెడుతుంది. కానీ అది పెట్టెలో పట్టదు, దెబ్బకు ఓర్వదు. ఇంట్లో వదిలేస్తే చేతివేళ్లు మొద్దుబారిపోతాయి. మన ప్రాంతం వారికి సుపరిచితులైన షేక్ చినమౌలానా సాహెబ్ సంగతే చూడండి. ఆయన 1924లో కరవదిలో పుట్టారు. కరవది ఉన్న ఒంగోలు తాలూకా 1904 దాకా నెల్లూరు జిల్లాలోనిదే. తంజావూరు బాణీ మీద మనసుపడి అరవ దేశం వెళ్లి, శ్రీరంగంలో స్థిరపడి, విదేశాల్లోనూ వాయించి, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదు అందుకున్నారు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో కన్నుమూశారు. నాదస్వరం భుజాన వేసుకుని వెళ్లగలిగిన వాద్యం. గుడ్డ సంచిలో పెట్టి, పీకలు విడిగా డబ్బీలో భద్రం చేసుకుంటే రైలెక్కొచ్చు.

వీణ అలా కాదు. పనస చెక్కతో చేసిన కుండ, పొడుగాటి దండి, సొరకాయ బుర్ర, 4 వాయింపు తీగెలు, 3 తాళపు తీగెలు, 24 మెట్లు. ఆ మెట్లను మైనం కలిపిన నల్లటి ముద్దలో కుదుర్చుతారు. ఎండ ముదిరితే మైనం మెత్తబడుతుంది, మెట్టు జరుగుతుంది, స్వరం తప్పుతుంది. మితిమీరిన చలిలో, పొడి గాలిలో చెక్క బిగుసుకుని బీటలు వారుతుంది. ఉప్పుగాలికి తీగెలు తుప్పు పడతాయి. బొబ్బిలి దగ్గరి గొల్లపల్లి పనివాళ్లు ఒకే దుంగను తొలిచి ఏకాండి వీణ చేసేది అతుకులు లేకపోతే నాదం బాగుంటుందని. సముద్రం దాటించడానికి మాత్రం ఎవరూ వీణ చేయలేదు.

అలాంటి వాద్యాన్ని వెంటబెట్టుకుని 1910లో ఓడ ఎక్కి అమెరికా వెళ్లి, 16 ఏళ్లు దేశదేశాలు తిరిగిన మనిషి హజ్రత్ ఇనాయత్ ఖాన్. ఆ 16 ఏళ్లలో వీణను ఏం చేయాలన్న ప్రశ్న ఆయన్ను వదల్లేదు. ఆయనకు దారి చూపిన ఊరు మన హైదరాబాదు.

ఇనాయత్ ఖాన్ 1882 జులై 5న బరోడాలో పుట్టారు. తండ్రి రహమత్ ఖాన్ పంజాబు నుంచి వచ్చిన ధ్రుపద్ గాయకులు. తల్లి ఖతీజా బీ. ఇంటికి మూలస్తంభం మాత్రం తల్లి తండ్రి ఉస్తాద్ మౌలాబఖ్ష్. ఈ మౌలాబఖ్ష్ సాహెబ్ గురించి రెండు మాటలు ఎక్కువే చెప్పాలి. ఉత్తరాది మనిషి అయివుండి దక్షిణానికి వచ్చి, కర్ణాటక సంగీతాన్ని పట్టుదలతో నేర్చుకుని, మైసూరు మహారాజు చేత రాజలాంఛనాలతో సత్కారం పొందిన వారాయన. ఆ రోజుల్లో హిందుస్తానీ ఉస్తాదులు దక్షిణాది సంగీతాన్ని, దక్షిణాది విద్వాంసులు ఉత్తరాది సంగీతాన్ని పట్టించుకునేవారు కాదు. రెంటినీ ఒక ఇంట్లో కూర్చోబెట్టింది మౌలాబఖ్ష్. దక్షిణాది బాణీతోపాటు వీణ కూడా ఆ ఖానదాన్‌లోకి అలాగే వచ్చింది. 1886లో సాయాజీరావు గైక్వాడ్ మహారాజు అండతో ఆయన బరోడాలో గాయనశాల అనే సంగీత పాఠశాల స్థాపించారు. పాటను కాగితం మీద రాసుకునే స్వరలిపి కూడా తయారుచేశారు. ఉస్తాదులు కొడుక్కి తప్ప మరొకరికి చీజ్ చెప్పని కాలంలో పాటను బడిలో పాఠంగా పెట్టడం సామాన్యమైన సాహసం కాదు. ఆ పాఠశాలే ఇప్పుడు బరోడా మహారాజా సాయాజీరావు విశ్వవిద్యాలయంలో భాగం.

మనుమడు ఆ తాతగారి వెనకే పెరిగాడు. చిన్నతనంలోనే గైక్వాడ్ దర్బారులో పాడి బహుమానం అందుకున్నాడు. 1896లో తాతగారు వఫాత్ అయ్యేసరికి ఇనాయత్‌కు పద్నాలుగేళ్లు. తండ్రితో నేపాల్ వెళ్లి అక్కడి దర్బారుకు చేరిన సంగీత విద్వాంసుల మధ్య కొన్నాళ్లు గడిపాడు. తిరిగొచ్చి గాయనశాలలోనే పాఠాలు చెప్పాడు. ఉద్యోగం ఉంది, పేరు ఉంది, వీణ పెట్టుకోవడానికి గోడవార చోటుంది. అయినా కాలు నిలవలేదు.

1903లో ఆయన హైదరాబాదు వచ్చారు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలం అది. నిజాం సముఖానికి చేరడం తేలిక కాదు. నెలల తరబడి ఎదురుచూడాల్సి వచ్చింది. ఆ ఎదురుచూపులో ఇనాయత్ ఖాన్ ఊరికే కూర్చోలేదు. ఉర్దూలో ఒక సంగీత గ్రంథం రాశారు. దాని పేరు మిన్‌ఖారె మూసీఖార్. ఉర్దూ తెలిసిన పాఠకులకు ఈ పేరులోని అందం వెంటనే తడుతుంది. మిన్‌ఖార్ అంటే పక్షి ముక్కు. మూసీఖార్ అనేది ఫారసీ కథల్లోని ఒక పక్షి. దాని ముక్కుకు అనేక రంధ్రాలు ఉంటాయని, ఒక్కో రంధ్రం నుంచి ఒక్కో స్వరం వస్తుందని చెబుతారు. ఆ పుస్తకం 1912లో అలహాబాదులో అచ్చయింది. అప్పటికి రాసినాయన దేశంలోనే లేరు. నూరేళ్లు గడిచాక 2016లో అది ఇంగ్లీషులోకి వెళ్లింది.

చివరికి నిజాం పిలిపించి విన్నారు. దర్బారు వైద్యుడు లుఖ్మానుద్దౌలా, ప్రధాని మహారాజా కిషన్ ప్రసాద్ ఆ దారి సుగమం చేశారు. నిజాం మెచ్చి ఉంగరం, నాణేల సంచి ఇచ్చారని, తాన్‌సేన్‌తో పోల్చారని ఇనాయత్ ఖాన్ శిష్యవర్గంలో చెప్పుకుంటారు. ఒక సంగీతకారుడు దక్కన్‌లో ఇంతకంటే పొందవలసింది ఏముంటుంది? వయసు పాతికైనా నిండలేదు.

కానీ ఆయన జీవితాన్ని మలిచింది నిజాం దర్బారు కాదు, అదే నగరంలో ఒక వృద్ధుడి ఇల్లు. ఆయన సయ్యద్ ముహమ్మద్ అబూ హాషిం మదనీ. చిష్తీ సిల్‌సిలాకు చెందిన బుజుర్గ్. ఇనాయత్ ఖాన్ ఆయన వద్ద బైఅత్ చేసి మురీద్ అయ్యారు. గురువు ఇంటికి తరచూ వెళ్లేవారు. అక్కడ నెలల తరబడి మామూలు కబుర్లే జరిగేవి. ఒకనాడు హజ్రత్ ఆత్మజ్ఞానం గురించి మాట్లాడడం మొదలుపెట్టగానే శిష్యుడు సంబరపడి జేబులోంచి నోటుపుస్తకం తీశాడు. అంతే, గురువు మాట మార్చేశారు. విన్నది గుండెలో పెట్టుకోవాలి తప్ప కాగితం మీద కాదని ఇనాయత్ ఖాన్ అప్పుడు అర్థం చేసుకున్నారు. తర్వాతి రోజుల్లో ఈ సంగతిని ఆయనే తన శిష్యులకు చెప్పుకునేవారు. వీణ విషయంలో ఆయన చివరికి ఏం చేశారో చదివేటప్పుడు ఈ నోటుపుస్తకం జ్ఞాపకం ఉంచుకోండి.

1907లో అబూ హాషిం మదనీ సాహెబ్ వఫాత్ అయ్యారు. ఖబరు హైదరాబాదులోనే ఉంది. పోయే ముందు శిష్యుడికి చేసిన వసీయత్ ఇది: లోకంలోకి వెళ్లు, నీ సంగీతంలోని శ్రుతితో తూర్పునూ పడమరనూ కలుపు. ఇందులో వెళ్లమనడం ఒక్కటే లేదు, సంగీతంతో వెళ్లమనడం ఉంది. అంటే వీణను ఇంట్లో వదిలి వెళ్లే వెసులుబాటును గురువే తీసేశారు.

వెంటనే ఓడ ఎక్కలేదు. ముందు దేశం చుట్టారు. మైసూరు, బెంగుళూరు, మద్రాసు, కావేరీ తీరపు పట్టణాలు, అక్కడి నుంచి సింహళం, తర్వాత రంగూన్, చివరికి కలకత్తా. తాతగారు నడిచిన దక్షిణాదిలో మనుమడు మళ్లీ నడిచాడు. పోయిన చోటల్లా కచేరీలు, సంగీతం మీద ఉపన్యాసాలు. అప్పటికే సంగీతకారులంటే సమాజంలో చిన్నచూపు పెరిగిపోతోంది. పాటను విలాసగృహాల నుంచి బయటికి తెచ్చి గౌరవం కల్పించాలన్నది ఆయన ఆరాటం. వచ్చిన పతకాలన్నీ ఒక పెట్టెలో భద్రంగా పెట్టుకుని తిరిగేవారు. కలకత్తాలో ఒకరోజు ఆ పెట్టె పోయింది. ఎంత వెతికించినా దొరకలేదు. రాజులు, నవాబులు ఇచ్చిన గుర్తులన్నీ ఒక్క పూటలో మాయం. మొదట కుంగిపోయారు. తర్వాత, ఆ పతకాల మీద మమకారమే తనకు అడ్డుగా ఉందేమో, అల్లాహ్ దాన్ని తీసేశాడేమో అని మనసు సమాధానపడింది. మనలో చాలామందికి ఉంగరం పోతేనే నెల్లాళ్లు నిద్రపట్టదు.

కలకత్తాలోనే ఇంకో పని జరిగింది. 1909లో గ్రామఫోన్ కంపెనీ వారు ఆయన గాత్రాన్ని రికార్డు చేశారు. అన్నీ కలిపి 31 పాటలు. ప్రొఫెసర్ ఇనాయత్ ఖాన్ పఠాన్ పేరుతో అవి లక్క రికార్డుల మీద వచ్చాయి. మోయలేని వాటిని దాచి వెళ్లడానికి ఆ రోజుల్లో దొరికిన కొత్త సాధనం అది. అప్పటికి దాని విలువ ఎవరికీ అంతగా తెలియదు.

1910లో తండ్రి రహమత్ ఖాన్ కన్నుమూశారు. అదే ఏడాది సెప్టెంబరు 13న ఇనాయత్ ఖాన్ బొంబాయిలో ఓడ ఎక్కారు. వెంట తమ్ముడు మహబూబ్ ఖాన్, దగ్గరి బంధువు మహమ్మద్ అలీ ఖాన్. చిన్న తమ్ముడు ముషర్రఫ్ ఖాన్ తర్వాత వచ్చి కలిశారు. ఖర్చుకు సంస్థానాల ఏర్పాటు లేదు, అవతల ఒడ్డున ఎదురొచ్చే ఆప్తులు లేరు. వాద్యాలు మాత్రం ఉన్నాయి. అల్లాహ్ మీద తవక్కుల్, ఆ తర్వాత వీణ మీద భరోసా. అమెరికా వీధుల్లో షేర్వానీ, తలపాగాతో దిగిన నలుగురైదుగురు మనుషులకు అన్నం పెట్టవలసింది ఆ వీణే.

పెట్టింది కూడా. న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో ఉపన్యాసం, కచేరీ జరిగాయి. రాయల్ మ్యూజిషియన్స్ ఆఫ్ హిందుస్తాన్ అనే పేరుతో జట్టు కట్టారు. తబలాకు రామస్వామి అనే కళాకారుడు చేరారు. బరోడా పఠాన్ సోదరుల పక్కన రామస్వామి. మౌలాబఖ్ష్ సాహెబ్ చూసి ఉంటే సంతోషపడేవారు. 1911లో రూత్ సెయింట్ డెనిస్ అనే అమెరికన్ నర్తకి వెంట ఊరూరా తిరిగి వాయించారు. ఆమె తూర్పు దేశాల కథలను, వేషాలను రంగస్థలం మీదికి తెచ్చి పేరు పొందిన మనిషి. జనానికి కావలసింది కూడా అదే, వేషం. రాగంలో ఏముందో వినే చెవి ఆ థియేటర్లలో తక్కువ. వీణను వినడానికి వచ్చినవాళ్ల కంటే చూడడానికి వచ్చినవాళ్లు ఎక్కువ. తాతగారు, తండ్రి, గురువు ముగ్గురి అమానత్ చేతిలో పెట్టుకుని, వినోదం మధ్యలో ఒక దృశ్యంగా కూర్చోవలసి రావడం ఆయనకు ఎంత కష్టమైందో ఊహించుకోవచ్చు. కానీ ఇంటి అద్దె, భోజనం, తర్వాతి ఊరికి రైలు టిక్కెట్టు అదే ఇవ్వాలి.

పగలు ఉపన్యాసం, సాయంత్రం కచేరీ. క్రమంగా ఉపన్యాసానికి వచ్చేవాళ్లు తయారయ్యారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో రాబియా మార్టిన్ అనే మహిళ ఆయనకు పడమటి దేశాల్లో తొలి మురీద్ అయ్యారు. అమెరికాలోనే ఓరా రే బేకర్ అనే యువతితో పరిచయమైంది. ఆమె ఇంటివారు ఒప్పుకోలేదు. అయినా ఆమె సముద్రం దాటి వచ్చింది. 1913 మార్చి 20న లండన్‌లో నికాహ్ జరిగింది. ఆమెకు అమీనా బేగం అని పేరు పెట్టారు.

ఇంగ్లండు, ఫ్రాన్సు, రష్యా. పారిస్‌లో పేరున్న స్వరకర్త క్లోద్ డెబుస్సీ వీరి సంగీతం విన్నారు. అదే పారిస్‌లో మాతాహరి అనే నర్తకికి కూడా వాయించవలసి వచ్చింది. అంటే ఒక పూట విద్వాంసుల ఇంట్లో, ఒక పూట విలాసుల తోటలో. మాస్కో వెళితే మొదట కచేరీ దొరికింది ఒక రాత్రి వినోదశాలలో. తాగేవాళ్ల మధ్య వీణ తీయడమా మానడమా అన్నది ఎవరైనా ఇంట్లో కూర్చుని తేల్చగలరు. పరదేశంలో, చలికాలంలో, నిండు చూలాలైన భార్యతో తేల్చడం వేరు. అక్కడే మహా రచయిత టాల్‌స్టాయ్ కుమారుడు సెర్గెయ్ టాల్‌స్టాయ్ వారికి స్నేహితుడయ్యారు. మాస్కోలోని కామెర్నీ థియేటర్ వారు 1914లో కాళిదాసు శాకుంతలం ఆడినప్పుడు ఈ సోదరుల బాణీలు వాడుకున్నారు. 1914 జనవరి 1న మాస్కోలోనే తొలి సంతానం నూరున్నిసా పుట్టింది.

ఆ ఏడాదే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. కుటుంబం లండన్‌లో చిక్కుకుపోయింది. విలాయత్, హిదాయత్, ఖైరున్నిసా అక్కడే పుట్టారు. యుద్ధం నడుస్తుండగా పరాయి సంగీతం వినే తీరిక ఎవరికుంటుంది? ఇంట్లో రొట్టెకు కటకటలాడిన రోజులున్నాయి. ఆ లేమిలోనే ఆయన సూఫీ ఉపన్యాసాలకు వచ్చే జనం మాత్రం పెరుగుతూ వచ్చారు.

యుద్ధం ముగిసే నాటికి ఇనాయత్ ఖాన్ ముందు రెండు పనులు ఉన్నాయి, ఒక్క రోజులో ఉన్నది 24 గంటలే. వీణకు రియాజ్ కావాలి. రోజూ గంటల తరబడి కూర్చోకపోతే చేయి తప్పుతుంది, మౌలాబఖ్ష్ మనుమడు అలా వాయించడానికి ఒప్పుకోడు. మరోవైపు బాధతో, దుఃఖంతో తలుపు తట్టే మనుషులు. యుద్ధంలో కొడుకుల్ని పోగొట్టుకున్న దేశాలవి. ఆయన క్రమక్రమంగా సభల్లో వాయించడం, పాడడం మానేశారు. వీణ పక్కకు వెళ్లింది.

ఇక్కడ పాఠకుల్లో కొందరికి ఒక ఆలోచన రావచ్చు. సంగీతం ధర్మసమ్మతం కాదని తెలుసుకుని మానేశారా అని. లేదు, అలా రాస్తే ఆయనకు అన్యాయం చేసినట్టే. సమా విషయంలో ఉలమాల మధ్య భేదాభిప్రాయాలు ఈనాటివి కావు. ఘియాసుద్దీన్ తుగ్లఖ్ కాలంలో సాక్షాత్తు హజ్రత్ నిజాముద్దీన్ ఔలియాను ఈ విషయం మీద ఢిల్లీలో సభకు పిలిపించారు. చిష్తీ బుజుర్గుల దారి ఒకటి, ఫుఖహాల మాట ఒకటి. ఆ వాదం ఈ వ్యాసంలో తేలేది కాదు. ఇనాయత్ ఖాన్ చెప్పుకున్న కారణం వేరు. సంగీతం నుంచి తను పొందవలసింది పొందానని, సేవ చేయాలంటే తనకు అన్నింటికంటే ప్రియమైనదాన్ని ఇచ్చేయాలని, ఇకమీదట మనుషుల హృదయాలే తను శ్రుతి చేయవలసిన తీగెలని ఆయన భావం. అంటే ఇష్టం తగ్గి వదల్లేదు. ఇష్టం ఎక్కువ కాబట్టే అది ఖుర్బానీ అయింది.

మరి గురువు వసీయత్ మాటేమిటి? సంగీతంతో వెళ్లమన్నారు కదా. శిష్యవర్గం వారు దీనికి సులువైన జవాబు చెబుతారు, గురువు అన్న శ్రుతి మనుషుల మధ్య శ్రుతి అని. నాకు ఆ జవాబు పూర్తిగా రుచించదు. ఆయన సంగీతాన్ని వదిలి వెళ్లాక హిందుస్తానీ, కర్ణాటక బాణీలు రెండూ తెలిసిన ఒక గొప్ప విద్వాంసుడి చేతి పని లోకానికి దూరమైంది. రవిశంకర్ లాంటి వారు పడమటి సభలకు వెళ్లడానికి నలభై ఏళ్ల ముందే ఆ తలుపు తట్టిన మనిషి ఆయన. ఆ నష్టం నిజమైనది. నష్టం లేకపోతే దాన్ని త్యాగం అని ఎందుకంటాం? అయితే జేబులో నోటుపుస్తకం తీసినప్పుడు మాట మార్చిన గురువు, చేతిలోని వీణ విషయంలో ఏం కోరుకుని ఉంటారన్నది శిష్యుడికి మనకంటే బాగా తెలుసు. అందుకే తీర్పు చెప్పడానికి వెనకాడతాను.

ఇంకో మాట కూడా దాచకూడదు. పడమటి దేశాల్లో ఆయన బోధ అన్ని మతాలవారినీ ఒకే చోట ప్రార్థనకు కూర్చోబెట్టే పద్ధతిగా మారింది. ఆ పద్ధతిని మన ఉలమాల్లో చాలామంది ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోరు. ఆయన జీవితం చదవడానికి ఆ విభేదం అడ్డం కానక్కర్లేదు.

సోదరుల పరిస్థితి ఇంకా చిత్రం. వారు కూడా అదే వీధిలో, అదే తాలీమ్‌తో పెరిగినవారు. అన్న వాద్యం పక్కన పెట్టాక జట్టు ఎక్కడిది? తిరిగి బరోడా వెళ్లిపోయి ఉస్తాదులుగా బతకొచ్చు. వెళ్లలేదు. మహబూబ్ ఖాన్ అన్న మాటలకు బాణీలు కట్టి, పియానోతో పాడుకునేలా పాశ్చాత్య స్వరలిపిలో రాశారు. తాతగారి స్వరలిపి సంస్కారం ఇలా ఉపయోగపడింది. మహమ్మద్ అలీ ఖాన్ పాడుతూనే ఉన్నారు. ముషర్రఫ్ ఖాన్ కుటుంబ జ్ఞాపకాలు పుస్తకంగా రాశారు. అన్న ఒక్కడు నిర్ణయం తీసుకుంటే మూడు బతుకులు దారి మారాయి. చరిత్రలో పేరు ఒకరిదే ఉంటుంది, మోసింది మాత్రం నలుగురు.

1922లో పారిస్ పొలిమేర సురేన్‌లో కుటుంబానికి ఒక ఇల్లు దొరికింది. దానికి ఫజల్ మంజిల్ అని పేరు పెట్టుకున్నారు. పన్నెండేళ్లు సూట్‌కేసుల్లో బతికినవారికి అది తొలి సొంత గూడు. మరుసటి ఏడాది జెనీవాలో సూఫీ మూవ్‌మెంట్ నమోదైంది. అదే 1923లో నాదం మీద ఆయన చేసిన ప్రసంగాలు మిస్టిసిజం ఆఫ్ సౌండ్ పేరుతో పుస్తకంగా వచ్చాయి. ఇప్పటికీ సంగీతం చదువుకునేవాళ్లు వెతికి చదివే పుస్తకం అది. వాయించడం మానిన మనిషి మాట్లాడిన ప్రతిసారీ ఉపమానం వీణ దగ్గరికో శ్రుతి దగ్గరికో వెళ్లేది.

పిల్లల్లో మాత్రం సంగీతం ఆగలేదు. విలాయత్ చెల్లో, హిదాయత్ వయొలిన్ పట్టారు. హిదాయత్ స్వరకర్తగా ఎదిగి, 99వ ఏట 2016లో కన్నుమూశారు. పెద్దకూతురు నూర్ పారిస్‌లో నాదియా బూలాంజే అనే ప్రసిద్ధ గురువు దగ్గర చదువుకుంది, హార్ప్ వాయించేది, వీణ కూడా తెలుసు. రెండో ప్రపంచ యుద్ధంలో 1943 జూన్‌లో ఆమెను బ్రిటిష్ వారు రహస్య వైర్‌లెస్ ఆపరేటర్‌గా జర్మన్ల చేతిలో ఉన్న ఫ్రాన్సులో దింపారు. వైర్‌లెస్ యంత్రం ఒక సూట్‌కేసులో అమర్చి ఉండేది, బరువు పదిహేను కిలోల దాకా. దాన్ని మోసుకుంటూ ఇల్లు మారుస్తూ నెలల తరబడి ఆమె సందేశాలు పంపింది. స్వరం పట్టే చెవి, తీగెకు అలవాటైన వేళ్లు మోర్స్ సంకేతాలకు పనికొచ్చాయి. చివరికి పట్టుబడింది. 1944 సెప్టెంబరు 13న డకావ్ శిబిరంలో కాల్చి చంపారు. తండ్రి బొంబాయిలో ఓడ ఎక్కిన తేదీ అదే. బ్రిటన్ 1949లో ఆమెకు జార్జ్ క్రాస్ ఇచ్చింది. లండన్‌లోని గోర్డన్ స్క్వేర్‌లో 2012లో విగ్రహం పెట్టారు.

తండ్రి ఆ రోజులు చూడలేదు. 1926 శరత్కాలంలో, 16 ఏళ్ల తర్వాత, ఇనాయత్ ఖాన్ హిందూదేశానికి తిరిగొచ్చారు. వెళ్లినప్పుడు తమ్ముళ్లతో, వాద్యాలతో వెళ్లారు. వచ్చినప్పుడు ఆరోగ్యం చెడి వచ్చారు. ఢిల్లీలో కొన్ని ఉపన్యాసాలు ఇచ్చారు, అజ్మీర్ వెళ్లి ఖ్వాజా సాహెబ్ సన్నిధిలో గడిపారు. 1927 ఫిబ్రవరి 5న ఢిల్లీలో వఫాత్ అయ్యారు. నలభై అయిదేళ్లు కూడా నిండలేదు. హజ్రత్ నిజాముద్దీన్ ఔలియా, అమీర్ ఖుస్రో విశ్రమించిన బస్తీలోనే ఆయన మజారు ఉంది. ఏటా ఫిబ్రవరిలో అక్కడ జరిగే ఉర్సుకు యూరప్, అమెరికాల నుంచి మురీదులు వస్తారు. ఖవ్వాలీ జరుగుతుంది.

కలకత్తాలో 1909లో దాచి వెళ్లిన ఆ 31 పాటలు 85 ఏళ్లపాటు ఎక్కువమందికి తెలియకుండా ఉండిపోయాయి. 1994లో వాటిని వెతికి కాంపాక్ట్ డిస్కుల మీద మళ్లీ విడుదల చేశారు. వాటిలో వీణ లేదు. ఇరవై ఏడేళ్ల యువకుడి గొంతు మాత్రం ఉంది, ఓడ ఎక్కడానికి ఏడాది ముందుది.